బాబాయి డీటీపీ సెంటరు, తాతయ్య పుస్తకం, ఒక పాత కీబోర్డు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు బాబాయి వాళ్ళింట్లో అటక సర్దుతుంటే ఒక పాత కీబోర్డు బయటపడింది. వెనకాల గుండ్రటి పిన్ను ఉండే బరువైన కీబోర్డు, ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత పుస్తకం కాగితంలా పచ్చబడిపోయింది. దాని మీద ఒక్కో కీకి చిన్న కాగితం ముక్క, ఆ ముక్క మీద నల్ల ఇంకుతో తెలుగు అక్షరం, పైన సెలోటేపు. సెలోటేపు ఎండిపోయి చాలావాటికి ఊడిపోయింది కానీ ళ, ణ, క్ష మాత్రం అలాగే అంటుకుని ఉన్నాయి. అవి నేను రాసినవే. 2000 సంవత్సరం, మే నెల, పదో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నా, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావురా, సెంటరుకి రా, టైపింగ్ అయినా వస్తుంది" అన్నాడు బాబాయి, అలా మొదలైంది.

బాబాయి డీటీపీ సెంటరు, అంటే కంప్యూటర్లో టైపు చేసి అచ్చుకి పేజీలు తయారుచేసిచ్చే చోటు, బోసు రోడ్డుకి పక్క సందులో ఒక్క గది. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి, కంప్యూటర్ ఉన్న గది కదా, అప్పట్లో అందరూ అలాగే ఉండేవాళ్ళు, శుభలేఖ వేయించుకోడానికి వచ్చిన పెద్దాయన కూడా గుమ్మం దగ్గర కాళ్ళు దులుపుకుని గానీ అడుగు పెట్టేవాడు కాదు. ఒక పెంటియం మెషీను, 32 ఎంబీ ర్యామ్, పదిహేను అంగుళాల డబ్బా మానిటరు, దానికి మా పిన్ని కుట్టిన పూలగుడ్డ కవరు. విండోస్ 98, అందులో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 6.5. ఒక లేజర్ ప్రింటరు, కింద కుయ్ కుయ్‌మనే యూపీఎస్. కరెంటు పోగానే బాబాయి చేతిలో ఏం పని ఉన్నా ముందు కంట్రోల్ ఎస్ కొట్టేవాడు, ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు, ఆటో సేవ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లో కూడా పేరా పేరాకీ కంట్రోల్ ఎస్ నొక్కుతూనే ఉంటా.

పనులంటే ఏముంటాయి, మాఘమాసం వస్తే శుభలేఖలు, మార్చి వస్తే స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు, మధ్యలో ఎవరైనా కవిగారు సొంత ఖర్చుతో వేసుకునే చిన్న పుస్తకం. టైపు చేసి, మామూలు కాగితం మీద ప్రూఫు తీసి, వాళ్ళు ఎర్రపెన్నుతో దిద్ది తెచ్చాక సరిచేసి, చివరికి ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసిస్తే అది ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్ళేది, అక్కడ ప్లేటు చేసి అచ్చు వేసేవాళ్ళు. ట్రేసింగ్ పేపరు మీద వేడివేడిగా బయటికొచ్చే అక్షరాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసేవాడు బాబాయి, ఎక్కడైనా పొల్లు విరిగిందా, ఒత్తు అతుక్కుపోయిందా అని.

ఇక్కడ తెలుగు టైపింగ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే. అప్పటి డీటీపీ ఫాంట్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలూ, వాటి పక్కనుండే యూరప్ భాషల గుర్తులూనూ, ఆ గళ్ళలో ఇంగ్లీషు బొమ్మల బదులు తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, క ఒత్తు ఒక ముక్క. మా సెంటర్లో ఎక్కువగా వాడిన ఫాంట్‌లో వ బొమ్మ పక్కన కొమ్ములాంటి ముక్క పెడితే అది మ అయ్యేది. మనం ఆపిల్ లేఅవుట్ అనే తెలుగు కీల అమరికలో కొడుతుంటే మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ కూర్చుని ఆ ముక్కల్ని ఏరి ఏరి వరసగా పేర్చేది. చూసేవాడికి తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు వరస. ఫాంటు తీసేస్తే చుక్కలూ గీతలూ టోపీలూ పెట్టుకున్న లాటిన్ అక్షరాలు కనపడేవి. పైగా ఆ సాఫ్ట్‌వేర్‌కి ప్రింటరు పోర్టుకి తగిలించే లాక్ ఒకటి, అది లేకపోతే తెలుగు టైపు కాదు. ఒకసారి ఆ లాక్ పాడైతే కొత్తది వచ్చేదాకా పెళ్ళిళ్ళ సీజనులో పది రోజులు సెంటరు మూసుకుని కూర్చున్నాం, వేలల్లో పని పోయింది బాబాయికి. మన భాషలో మనం రాసుకోడానికి ఇంకొకడి తాళం ఏంటి అని నాకు మొదటిసారి కోపం వచ్చింది అప్పుడే.

ఆ వేసవిలోనే తాతయ్య మూడు లాంగ్ నోట్‌బుక్కులు పట్టుకుని సెంటరుకొచ్చాడు. తాతయ్య రేపల్లె వైపు ఒక పల్లెటూళ్ళో టీచరుగా చేసి హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు. రిటైరయ్యాక పదేళ్ళ పాటు ఊరి గురించి రాసుకున్నాడు. కథలూ కవితలూ కాదు, ఊరు. ఏ వీధిలో ఎవరి ఇల్లు ఉండేది, ఎవరి దొడ్లో ఏ చెట్టు ఉండేది, ఏ బావి నీళ్ళు తియ్యగా ఉండేవి, పడవల రేవు ఎక్కడుండేది, 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి బడి డాబా మీదికి ఎవరెవరు ఎక్కారు, తెల్లారాక ఏం మిగిలింది. ఉప్పెన తర్వాత ఊరి రూపమే మారిపోయింది, అందుకే ముందు ఎలా ఉండేదో రాసిపెట్టాలనిపించిందట ఆయనకి. బాబాయి చేతిలో పెట్టి, "ఏరా, దీన్ని అచ్చు వేద్దామా" అన్నాడు. బాబాయి ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నేను సగం చేస్తా, వీడు సగం చేస్తాడు నాన్నా" అన్నాడు.

నేను టైపింగ్ నేర్చుకున్నది ఆ నోట్‌బుక్కుల మీదే. రోజుకి నాలుగు పేజీలు, తర్వాత ఆరు, జూన్ వచ్చేసరికి పది. తాతయ్య రాత గుండ్రంగా ఉండేది కానీ ప కీ వ కీ తేడా పెద్దగా తెలిసేది కాదు, తలకట్టు పెన్ను ఎత్తకుండా ఒక్క ఊపులో లాగేసేవాడు. సాయంత్రం ఐదింటికి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు, తెర మీద ఆయన వాక్యం ఒక్కో అక్షరమే వస్తుంటే చూస్తూ. జీవితమంతా సుద్దముక్కతో బల్ల మీద రాసిన మనిషి, తన మాట అలా గాజు మీద వెలుగుతుంటే ఆయన మొహం చూడాలి. మరుసటి ఏడాది ఉగాదికి 300 కాపీలు వేశాం. ఊళ్ళో పంచాం, చుట్టాలకి పంచాం, లైబ్రరీకి రెండు ఇచ్చాం, అయిపోయాయి.

2004లో ఇంజినీరింగుకని హైదరాబాద్ వచ్చా. హాస్టల్లో మా రూమ్మేట్ దగ్గర విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్ ఉండేది. దాంట్లో తెలుగు ముందే ఉందని ఒక సీనియర్ అన్న చెప్పాడు, నేను నమ్మలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్నచోట టిక్ పెడితే ఎక్స్‌పీ సీడీ అడిగింది, పెట్టాం, రీస్టార్ట్ చేశాం. నోట్‌ప్యాడ్ తెరిచి ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో తెలుగు కీల అమరిక పెట్టి వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొట్టా: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. తెలుగు. గౌతమి ఫాంట్‌లో, కొంచెం సన్నగా. లాక్ లేదు, కొన్న ఫాంటు లేదు, పేజ్‌మేకర్ లేదు, ఉత్త నోట్‌ప్యాడ్! సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 ఎంచుకోవాల్సి వచ్చేది, లేకపోతే మొత్తం ప్రశ్నార్థకాలే మిగిలేవి, అది కూడా ఆ అన్నే చెప్పాడు. ఫైలుకి పేరు కూడా తెలుగులోనే పెట్టా, 'తాతయ్య' అని. మూసి మళ్ళీ తెరిచా, ఉంది. ఇంకో కంప్యూటర్‌లోకి తీసుకెళ్ళి తెరిచా, అక్కడా ఉంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు.

ఇదంతా యూనికోడ్ వల్లేనని, అది ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతని తర్వాత చదివి తెలుసుకున్నా. తెలుగుకి 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే 128 గళ్ళ చోటు ఇచ్చారు, అందులో మన అక్షరాలకి మనవంటూ సొంత నంబర్లు ఉన్నాయి. క అంటే ఏ ఫాంట్‌లో అయినా క నే, ఏ దేశంలో అయినా క నే. స్త్రీ అని రాస్తే లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు నంబర్లు వరసగా ఉంటాయి, ఏ ఒత్తు ఎక్కడ గీయాలన్నది ఫాంటూ సిస్టమూ చూసుకుంటాయి. ఎక్కడో ఎవరో మన గుణింతాన్నీ ఒత్తుల్నీ కూర్చుని అర్థం చేసుకుని ఇదంతా కుదిర్చారంటే చాలా గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత రోజులు తెలుగు కంప్యూటింగ్‌లో ఉన్నవాళ్ళకి పండగ రోజులు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు దొరికాయి, ఉచితంగా, గౌతమి చూసి చూసి ఉన్న కళ్ళకి పోతన అచ్చు పుస్తకంలా ఉండేది. వీవెన్ గారి లేఖిని అనే వెబ్‌సైటు వచ్చింది, దాంతో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే ఓపిక లేనివాళ్ళు కూడా ఇంగ్లీషు కీలతోనే తెలుగు రాసేశారు, పెద్ద ఎల్ కొడితే ళ, పెద్ద ఎన్ కొడితే ణ. ఆ పద్ధతి కూడా మనవాళ్ళదే, అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు ఇంటర్నెట్ మొదటి రోజుల్లో తయారుచేసుకున్న ఆర్టీఎస్. నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి కూర్చుని, ఏ ఇన్‌స్టలేషనూ అక్కర్లేకుండా లేఖినిలో టైపు చేసి మెయిల్లో అతికించి పంపేవాణ్ణి. పత్రికల సైట్లు మాత్రం అప్పటికీ చాలావరకు సొంత ఫాంట్లలోనే ఉండేవి, వాటిని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌కి మార్చి చూపించే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, వెన్న నాగార్జున గారు చేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టింది కూడా ఆయనే. వీళ్ళెవరినీ నేను కలవలేదు, కానీ నేను తెలుగులో రాసే ప్రతి అక్షరం వెనకా వీళ్ళ పనే ఉంది.

ఫోన్ల సంగతి వేరే. కీప్యాడ్ ఫోన్లో ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు, తెలుగులో అయితే 70 మాత్రమే, మళ్ళీ అందులో పొల్లూ గుడీ అన్నీ లెక్కే. అమ్మకి నాలుగు ముక్కలు తెలుగులో పంపితే మూడు మెసేజీల డబ్బులు కోసేవాడు. అందుకే మన తరం అంతా 'ఎలా ఉన్నావ్' ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం నేర్చుకుంది. అలా రాసేవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు కాబట్టి. తర్వాత ఫోన్లో నెట్ చూసుకునే ఒపెరా మినీ బ్రౌజర్ వచ్చింది, అందులో అడ్రస్ బార్‌లో ఒపెరా కాన్ఫిగ్ అని కొట్టి కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కి బిట్‌మ్యాప్ ఫాంట్లు అన్న ఆప్షన్ ఎస్ అని పెడితే తెలుగు మొత్తం బొమ్మల్లా వచ్చేది, ఎంతమందికి ఆ సెట్టింగ్ పెట్టిచ్చానో లెక్కలేదు, బస్సులో పక్క సీటాయనకి కూడా పెట్టిచ్చా. నా మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు అంటే వరసగా డబ్బాలే. ఇప్పుడు మా అమ్మ మైకు గుర్తు నొక్కి మాట్లాడుతుంది, అది రాసేస్తుంది, "ఒరేయ్ అన్నం తిన్నావా" అని చక్కగా తెలుగులో వస్తుంది, పైసా ఖర్చు లేదు.

తాతయ్య 2011లో పోయాడు. 2019లో డల్లాస్ నుంచి ఒకాయన బాబాయికి ఫోన్ చేశాడు, మా ఊరివాళ్ళే, వాళ్ళ తాతగారి ఇంటి గురించి మాస్టారి పుస్తకంలో ఉందని విన్నాడట, ఆ పేజీ ఫొటో తీసి పంపగలరా అని. బాబాయి దగ్గర ఒక్క కాపీ కూడా లేదు, ఎవరో చదివిస్తామని పట్టుకెళ్ళారు. కాపీలు మిగిలింది అత్తయ్య దగ్గర ఒకటి, తాతయ్య సొంత కాపీ ఒకటి, ఆ రెండోది పెట్టెలో ఎక్కడుందో అప్పటికి తెలీదు. "ఫైల్ ఉండాలి కదా బాబాయ్" అన్నా. ఫ్లాపీలు బూజు పట్టిపోయాయి, తేమ గాలి ఉన్న ఊళ్ళలో ఫ్లాపీ అంతకాలం నిలవదు. ఒక సీడీ దొరికింది, దాని మీద మార్కరుతో 'నాన్న బుక్' అని. సీడీ చదివే డ్రైవు కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో తిరిగి యూఎస్‌బీది కొన్నా. లోపల పేజ్‌మేకర్ ఫైళ్ళు తొమ్మిది.

పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 తోనే ఆగిపోయింది. వర్చువల్ మెషీన్‌లో, అంటే నా కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో విండోస్ 98 వేసి, పాత పేజ్‌మేకర్ ఎక్కించి తెరిచి, టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేశా. వచ్చింది చూస్తే టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాలు, తాతయ్య పదేళ్ళ రాత మొత్తం అలా అర్థం కాని గీతల్లో. పాత ఫాంట్లని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరికినవి కొంతవరకు మార్చాయి కానీ ఆ పాత ఫాంటు వెర్షన్‌కి అన్నీ సరిపోలేదు, ఇక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కన్వర్టర్ నేనే రాసుకున్నా. నెల రోజులు పట్టింది, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి పదింటి నుంచి పన్నెండు దాకా. ముక్కల్ని గుర్తుపట్టడం ఒక ఎత్తు, వరస మార్చడం ఇంకో ఎత్తు. ఫాంట్‌లో ముందు అక్షరం, దాని గుణింతం, తర్వాత ఒత్తు వస్తాయి, యూనికోడ్‌లో ఒత్తు ముందు, గుణింతం చివర. ర ఒత్తు కొన్నిచోట్ల అక్షరానికి ఎడమపక్కనే వచ్చేస్తుంది. ఐత్వం రెండు ముక్కలు, పైన ఒకటి కింద ఒకటి. హెడ్‌మాస్టరు అన్నచోట పొల్లు తర్వాత కనపడని విడదీసే గుర్తు పెట్టకపోతే డ కింద మ ఒత్తు చేరి హెడ్మాస్టరు అయిపోతుంది, ఆ మాట పుస్తకంలో చాలాసార్లు ఉంది, ప్రతిచోటా చూసుకున్నా, తాతయ్యకి ఆ మాట తప్పు రాస్తే ఒప్పేది కాదు.

చివరికి అయింది. మొత్తం పుస్తకం ఒక్క టెక్స్ట్ ఫైల్, యూటీఎఫ్-8, 1 ఎంబీ కన్నా తక్కువ, పాత ఫ్లాపీలో కూడా పట్టేంత. కంట్రోల్ ఎఫ్ కొట్టి ఆ డల్లాస్ ఆయన ఇంటిపేరు టైపు చేశా. ఐదు చోట్ల దొరికింది. తూర్పు వీధిలో పెంకుటిల్లు, ముందు రెండు కొబ్బరిచెట్లు, ఆ ఇంటావిడ ఉప్పెన తెల్లారి బడి దగ్గర అందరికీ గంజి కాచి పోసింది. కాపీ చేసి వాట్సాప్‌లో పంపించా. ఆయన గంటసేపు జవాబు ఇవ్వలేదు, తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టాడు, గొంతు బొంగురుపోయి ఉంది.

ఇవాళ ఏ కొత్త యాప్ వచ్చినా, ఏ గాడ్జెట్ వచ్చినా ఫ్రెండ్స్ నన్ను అడుగుతారు ఎలా ఉందిరా అని. నేను చూసేది ఒకటే, అందులో నేను రాసింది బయటికి తీసుకోగలనా, మామూలు టెక్స్ట్‌గా, వాడి సాయం లేకుండా. ఎంత అందంగా ఉన్నా, ఎంత స్పీడుగా ఉన్నా, ఎక్స్‌పోర్ట్ లేని నోట్స్ యాప్ నేను వాడను. ఆ పదిరోజులు మూసుకున్న సెంటరూ, ఆ టోపీల అక్షరాలూ నా కళ్ళ ముందే ఉంటాయి. ఇప్పటికీ చాలా తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు పాత ఫాంట్లలోనే ఉన్నాయి, కళ్ళకి తెలుగు, వెతికితే దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. మీ ఇళ్ళల్లో ఎవరైనా రాసినవి అలా ఉంటే దయచేసి ఇప్పుడే మార్చుకోండి, చేతకాకపోతే నన్ను అడగండి, నా స్క్రిప్ట్ ఉంది, ఇస్తా.

ఆ కీబోర్డుతో పాటు అటక మీద అదే పెట్టెలో తాతయ్య సొంత కాపీ దొరికింది మొన్న. అక్కడక్కడా పెన్సిలుతో దిద్ది ఉంది, టీచరు కదా. 43వ పేజీలో ఒక మాట చుట్టూ గుండ్రంగా గీసి మార్జిన్‌లో చిన్నగా రాశాడు. అచ్చులో 'పడవల రేపు దగ్గర' అని ఉంది. ఆయన రాసింది రేవు. ఆ పేజీ నేను టైపు చేసిందే, నాకు బాగా గుర్తు, ఆ రోజు కూడా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అచ్చయ్యాక చూసుకుని ఉంటాడు, అప్పుడు మార్చాలంటే మళ్ళీ ట్రేసింగ్, మళ్ళీ ప్లేటు, అందుకని ఎవరికీ చెప్పలేదు. బాబాయికి చూపించా, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఫైల్‌లో మార్చగలవా?" అన్నాడు. లాప్‌టాప్ తెరిచి, ఆ వాక్యం దగ్గరికి వెళ్ళి ప తీసేసి వ పెట్టా. బాబాయి తెర మీదకి వంగి చదివి, "కంట్రోల్ ఎస్ కొట్టు" అన్నాడు.